చెప్పులు విడిచే రాయి

మొన్న వేసవిలో స్మారక మందిరంలో గైడ్లుగా ఎంపికైన ముగ్గురు పిల్లలు అరకులో మా ఇంటికి వచ్చారు. ఇద్దరిది పాడేరు వైపు, మూడో అమ్మాయిది హుకుంపేట. కాఫీ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి వచ్చిన పని చెప్పారు. మీ స్క్రిప్టు ఇస్తే బట్టీ పట్టేస్తాం సార్, సోమవారం నుంచి డ్యూటీ, అన్నారు.

స్క్రిప్టు నా బీరువాలోనే ఉంది. పద్నాలుగు పేజీలు, గుండ్రటి అక్షరాలు, తెలుగు ఒకవైపు, ఇంగ్లీషు ఒకవైపు. ఇవ్వలేదు. అందులో సగం నిజం కాదు. కొంత తెలిసే, ఎక్కువ భాగం తెలియక ఇరవై తొమ్మిదేళ్లు చెప్పాను. అంతా తెలిశాక ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ కాగితాల బదులు ఇది రాసి ఇస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి ఇందులో ఉండవు. అవి ఆఫీసువాళ్లే నేర్పుతారు.

పని ఎలాంటిది

ముందు నా గురించి రెండు మాటలు. కొండ దిగువన మాదొక చిన్న సంస్థానం. దాని పేరు ఇప్పుడు బస్సు కండక్టరుకు కూడా తెలియదు కాబట్టి రాయను. మా తాతగారి కాలంలో కొండ మీద పదహారు ఊళ్లు మాకు శిస్తు కట్టేవి. మా ఇంట్లో ఏనుగు ఉండేదట. నేను పుట్టేసరికి ఏనుగు గొలుసు మిగిలింది. మా నాన్నగారు పోయేసరికి గొలుసు కూడా లేదు. నేను డిగ్రీ పాసై ఈ ఉద్యోగంలో చేరినప్పుడు మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. దారిన పోయేవాళ్లకు గోడ మీది బొమ్మలు చూపించే పని మన ఇంటి మగవాడికి పట్టిందని ఆవిడ బాధ.

చేసినంతకాలం ఆ పనిని తలవంపుగా చేయలేదు. ఇస్త్రీ లేని చొక్కాతో డ్యూటీకి వెళ్లలేదు. గోడకు ఆనుకుని నిలబడలేదు. సందర్శకుల ముందు నేల మీద కూర్చోలేదు. ఈ మూడింటిలో మొదటి రెండూ మీరూ పాటించండి.

మందిరం ఒకప్పటి ప్రధానమంత్రిది. ఆయన పేరు రాయడం లేదు. ఆ పేరు మీద వాదించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను చెప్పేది వాళ్ల వాదనకు పనికిరాదు. ఆయన ఒకసారి ఈ కొండల్లోకి వచ్చారు. పోయిన కొన్నేళ్లకు ఆ రాకకు గుర్తుగా రోడ్డు పక్కన ఈ మందిరం కట్టారు. మూడు గదులు, ఒక విగ్రహం, ఇరవై రెండు ఫొటోలు, అద్దాల పెట్టెలో ఒక శాలువా, ఒక కళ్లజోడు, ఒక కుర్చీ. సందర్శకులు రైలు దిగి, గుహలు చూసి, కాఫీ తాగి, బొంగు చికెన్ తినబోయే ముందు మన దగ్గరకు వస్తారు. ఆకలి మీద ఉంటారు. మనకు దొరికేది పదిహేను నిమిషాలు. అందులో అయిదు నిమిషాలు విగ్రహం పక్కన సెల్ఫీలకు పోతాయి.

మిగిలిన పది నిమిషాల్లో మనం ఏం చెబుతామన్నదే ఉద్యోగం.

కుర్చీ

నా మొదటి అధికారి మంచివాడే. సందర్శకుడికి తాగే నీళ్లు, కూర్చునే చోటు, ఒక మంచి కథ ఉండాలి అనేవాడు. మూడో గది బోసిగా ఉందని ఆయనకు దిగులు. ఒక పాత కుర్చీ ఏదైనా దొరికితే బాగుండును, ఆయన కూర్చున్న కుర్చీ అని రాసిపెట్టొచ్చు, అన్నాడు ఒకరోజు.

మా ఇంట్లో టేకు కుర్చీ ఒకటి మిగిలింది. మా తాతగారిది. చేతుల దగ్గర సింహం తలలు, వెనక జల్లెడ అల్లిక. మట్టి గోడల అద్దె ఇంట్లో అది ఎటు పెట్టినా అడ్డంగానే ఉండేది. రిక్షాలో వేసుకుని తీసుకువచ్చి నేనే ఇచ్చాను. దాని పక్కన పెట్టే పేరు బల్ల రాసింది కూడా నేనే. 'మహానాయకుడు ఆసీనులైన కుర్చీ.' అది అబద్ధమని రాస్తున్నప్పుడే తెలుసు. అయినా మా తాతగారి కుర్చీకి తగిన చోటు దొరికిందని, రోజూ నలుగురు దానికి నమస్కారం పెట్టి వెళ్తారని లోలోపల సంతోషించాను.

కొన్నేళ్ల తరవాత ఒక స్కూలు పిల్లల గుంపు వచ్చింది. అందులో పదేళ్ల గుంట ఒకతి ఫొటోలన్నీ రెండుసార్లు చూసి నా దగ్గరకు వచ్చింది.

"ఇక్కడ తీసిన ఏ ఫొటోలోనూ కుర్చీ లేదేటండి? అన్నింట్లోనూ కిందే కూకున్నారు."

ఫొటోలో కనిపించనివి చాలా ఉంటాయమ్మా అని పంపేశాను. ఆ సాయంత్రమే బల్ల తీసేయాల్సింది. తీయలేదు. మీరు పనిలో చేరాక పిల్లలు అడిగే ప్రశ్నలకు భయపడండి. పెద్దవాళ్లు మనం చెప్పింది వింటారు. పిల్లలు ఫొటో చూస్తారు.

రాయి

మందిరం కట్టిన కాంట్రాక్టరు పని ముగించి వెళ్లిపోయాక ఆవరణ నాకు అప్పగించారు. గేటు నుంచి లోపలికి వచ్చే దారికి కొంచెం పక్కగా, నడుము ఎత్తు రాయి ఒకటి నిలబడి ఉండేది. చెక్కిన రాయి కాదు. దాని మీద అక్షరం ముక్క లేదు, బొట్టు లేదు. చీకటి పడ్డాక వచ్చేవాళ్లు తట్టుకుంటారని నాకు భయం. పైగా కట్టడం పూర్తయ్యాక మిగిలిపోయిన సామానులా అది అక్కడ ఉండడం నా కంటికి నచ్చలేదు. హాలు ముందు మెట్టు ఒకటి తక్కువైంది. నలుగురు కూలీలను పిలిపించి ఆ రాయిని పడుకోబెట్టించాను. సరిగ్గా మెట్టంత ఉంది. దాని పక్కనే బల్ల రాసి పాతాను. 'చెప్పులు ఇక్కడ విడవవలెను.' రాయి ఉన్న చోట గులాబీల మడి వేశాను.

ఆ నలుగురిలో ఒకడు సుక్రా. వాడిది మందిరానికి పైన, కాఫీ తోటలు దాటాక వచ్చే గదబ గిరిజనుల ఊరు. తరవాత వాడినే తోటపనికి, ఊడ్పుకు పెట్టుకున్నాను. నేను రిటైరయ్యేదాకా నా దగ్గరే చేశాడు.

ఇరవై తొమ్మిదేళ్లు జనం ఆ రాయి మీద చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి విగ్రహానికి దండం పెట్టుకున్నారు. చెప్పులు వరసగా లేకపోతే నేనే సర్దేవాణ్ని.

బుద్రి

ఏటా వేసవిలో కొండవాళ్లు చేసుకునే మామిడి కొత్త పండగ అయిన మర్నాడు ఒక ఆడమనిషి వచ్చేది. పేరు బుద్రి. సుక్రా ఊరిదే. మొదట్లో నడివయసు మనిషి, పోనుపోను ముసలిదైంది. తలుపులు తీసే వేళకే వచ్చేది. లోపలికి రాదు. ఆ మెట్టు పక్కన గొంతుకూర్చుని, ఆనపబుర్రలోంచి కాస్త అంబలి రాయి మీద పోసి, ఏదో తన భాషలో అనుకుని వెళ్లిపోయేది.

నాకది నచ్చేది కాదు. చీమలు పడతాయి, ఈగలు ముసురుతాయి. సుక్రాతో ఫినాయిల్ వేసి కడిగించేవాణ్ని. ఒకసారి ఆమెను పిలిచి, ఆయన మీద భక్తి ఉంటే లోపలికి వచ్చి అందరిలాగే విగ్రహం దగ్గర ఒక పువ్వు పెట్టుకోమన్నాను. నా మాట తీసేయలేక గుమ్మం దాకా వచ్చి విగ్రహం వైపు చూసింది. టోపీ, కోటు, నిండు చెంపలు.

"ఈయనెవులు బాబూ?" అంది.

పేరు చెప్పాను. తల అడ్డంగా ఊపి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. అడవి మనిషి, ఏం తెలుస్తుంది అనుకున్నాను. ఈ మాట మీ ముందు దాచడం లేదు. సరిగ్గా ఇలాగే అనుకున్నాను.

నా రిటైర్మెంటుకు అయిదు నెలలుందనగా మందిరానికి మరమ్మతులు మంజూరయ్యాయి. నున్నటి గ్రానైటు మెట్లు, చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలు దారి. పాత మెట్ల రాళ్లు పగలగొట్టి పునాదిలో వేయాలని ప్లాను. ఇంజినీరు వచ్చి ముగ్గుపిండితో గుర్తులు పెట్టి వెళ్లాడు. పని మొదలుపెట్టడానికి వారం రోజులుంది.

ఆ మర్నాడు బుద్రి వచ్చింది. అది మామిళ్ల కాలం కాదు, పొగమంచు కాలం. దుప్పటి కప్పుకుని మెట్టు దగ్గర నిలబడింది.

"బాబూ, ఈ రాయిని ముక్కలు సేసి గోతిలో ఏసేత్తారట. నిజవేనా?"

మెట్లు మారుస్తున్నారు, నీకేం బాధ అన్నాను.

"ఇది మా అయ్య ఎత్తిన రాయి."

ఎత్తడమేమిటి, ఈ మెట్టు వేయించింది నేను కదా అన్నాను.

"నువ్వు పడుకోబెట్టినావు," అంది. "మా అయ్య నిలబెట్టినాడు."

ఆ రోజు సందర్శకులు తక్కువ. ఆమె గంటసేపు చెప్పింది. అక్కడక్కడ తన భాషలోకి వెళ్లిపోతే సుక్రా తెలుగులో చెప్పాడు.

నాయకుడు వచ్చింది పదవిలో ఉండగా కాదు, పదవి పోయాక. వెంట పోలీసులు లేరు, అధికారులు లేరు. ఒక జీపు, ఇద్దరు మనుషులు, వాళ్లలో ఒకరి దగ్గర కెమెరా. వానాకాలం. దారిలోని వాగు, అదే ఆ ఊరి గెడ్డ, పొంగి జీపు దిగబడిపోయింది. మూడు మైళ్లు బురదలో నడిచి వాళ్ల ఊరు చేరారు. గెడ్డ తగ్గేదాకా రెండు రోజులు అక్కడే ఉన్నారు. బుద్రి అప్పటికి కొత్తగా పెళ్లయిన పిల్ల. ఆయన కోటు తడిసిపోతే ఆమె తండ్రి తన గొంగళి ఇచ్చాడు. బుద్రికి తెలిసిన మనిషి ఆ గొంగళిలో ముడుచుకుని, పొయ్యి దగ్గర చేతులు కాచుకున్న ముసలాయన. మా విగ్రహాన్ని చూసి ఆమె ఎందుకు నవ్విందో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ ఊళ్లో పోయిన పెద్దలకు రాళ్లు నిలబెడతారు. ఒక్కొక్క నిలువు రాయి ముందు ఒక పలకరాయి పరిచి ఉంటుంది. ఊరి పెద్దలు కూర్చునేది ఆ పలకరాళ్ల మీదే. పోయినవాళ్లూ ఉన్నవాళ్లూ ఒక్కచోట కూర్చున్నట్టు లెక్క. బయటివాళ్లు కొంచెం దూరంగా నేల మీద కూర్చుంటారు. మొదటి రోజు ఆయన కూడా నేల మీదే కూర్చున్నారు. రెండో రోజు బుద్రి తండ్రి ఆయనకు ఒక పలకరాయి చూపించి కూర్చోమన్నాడు.

వెళ్లేటప్పుడు ఊరివాళ్లు గెడ్డ మీద వంతెన అడిగారు. ఇక్కడ నేను ఆమె మాటకు అడ్డం వచ్చాను. నా స్క్రిప్టులో అన్నింటికంటే బాగా పండేది ఈ ఘట్టమే. 'ఆ క్షణమే మాట ఇచ్చారు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు' అని చెప్పి నేను ఒక్క క్షణం ఆగేవాణ్ని. జనం చప్పట్లు కొట్టేవారు.

"మాట ఇయ్యనేదు బాబూ," అంది బుద్రి. "కింద నుంచి వచ్చినోలందరూ మాటిచ్చి ఎల్లిపోతారు. ఈయన, నానిప్పుడు ఏటీ కాను, నాకాడ ఏటీ నేదు, ఉత్తినే మాటియ్యను అన్నాడు. వంతెన ఎప్పుడో మా గుంటలు పెద్దోలయ్యాక వచ్చింది. దానికీ ఈయనకీ ఏటి సమ్మందం?"

మరి రాయి ఎందుకు ఎత్తారని అడిగాను.

"అబద్దం ఆడనేదు గదా. అందుకే."

ఆయన పోయారన్న కబురు వాళ్లకు రెండు సంతల తరవాత తెలిసిందట. జీపు ఎక్కి వెళ్తూ వాళ్లకు చెయ్యి ఊపిన చోట, రోడ్డు పక్కన, తమ ఊరి పెద్దకు నిలబెట్టినట్టే రాయి నిలబెట్టారు. కొన్నేళ్ల తరవాత ప్రభుత్వంవారు వచ్చి, ఆయన ఈ కొండల్లో ఎక్కడికి వచ్చారని అడిగితే ఊరివాళ్లు ఆ రాయిని చూపించారు. మందిరం అక్కడ కట్టింది అందుకే. ఆ రాయి లేకపోతే నాకు ఈ ఉద్యోగం లేదు.

బుద్రి దుప్పటి సర్దుకుని లేచింది. ఆమె అడిగింది ఒక్కటే. తను ఉండగా ఆ రాయి మళ్లీ నిలబడాలి. గోతిలోకి పోకూడదు.

సుక్రా మాట

ఆమె వెళ్లాక సుక్రాను పిలిచాను. నీకు ఇదంతా తెలుసా అన్నాను. తెలుసు బాబూ అన్నాడు.

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదురా?"

వాడు తువ్వాలు మెలిపెడుతూ నిలబడ్డాడు. "దివానం బాబు పడుకోబెట్టమన్నాడు, పడుకోబెట్టినాం. ఆ రోజు దాన్ని మోసిన నలుగురమూ ఆ ఊరోలమే. మీరడిగితే సెప్పుదుం. మీరు అడగనేదు."

ఇంకొక సంగతి కూడా అప్పుడే చెప్పాడు. నేను ఫినాయిల్ వేసి కడగమన్నప్పుడల్లా కడిగేవాడు. నేను ఇంటికి వెళ్లాక గెడ్డ నుంచి మంచినీళ్లు తెచ్చి ఇంకోసారి కడిగేవాడు.

కొండ మీద ఎప్పుడు ఏ ఊరికి వెళ్లినా ముసలివాళ్లు నన్ను చూసి లేచి నిలబడేవారు. దివానం బాబు, అంటే జమీందారు ఇంటి బాబు, అనేవారు. ఆస్తి పోయినా ఆ గౌరవం మిగిలిందని నేను గర్వపడుతూ ఉండేవాణ్ని. ఆ గౌరవమే వాళ్ల నోరు కట్టేసింది. మా తాతగారికి ఎదురు చెప్పి ఎరగని ఊరు నాకు కూడా ఎదురు చెప్పలేదు. మీరు ముగ్గురూ ఈ కొండల పిల్లలే కాబట్టి మీకు ఈ ఇబ్బంది తక్కువ. అయినా మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న మరుక్షణం మీరూ కొంత దివానం అవుతారు. ఎదుటివాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడంటే వాడి దగ్గర మీకు చెప్పని మాట ఒకటి ఉందని అనుకోండి. మీరే అడగండి.

కాగితం

ఇంజినీరు విశాఖపట్నం కుర్రవాడు, మర్యాదస్తుడు. విషయం చెప్పాను. రాయి రికార్డులో లేదు సార్ అన్నాడు. అది స్మారకంలో భాగమైతే అక్కడి నుంచి ఎవరు, ఎందుకు కదిపారో రాతపూర్వకంగా కావాలి. లేకపోతే డిజైను మార్చడం తన చేతుల్లో లేదు.

రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. మా ఇంట్లో పాత కాగితాలు ఒక ట్రంకు నిండా ఉన్నాయి. మాఫీ ఇచ్చిన కాగితాలు అందులో చూశాను. మాఫీ అడిగిన కాగితం ఒక్కటీ చూడలేదు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. చివరికి ఆరు వాక్యాలు రాశాను. ఆ రాయి ఊరివారు నాయకుడి జ్ఞాపకంగా నిలబెట్టినది. ఎవరినీ అడగకుండా దాన్ని పడుకోబెట్టించినది నేను. దాని మీద చెప్పులు విడవమని బల్ల రాసినది నేను. మూడో గదిలోని కుర్చీ మా ఇంటిది, నాయకుడు అందులో కూర్చోలేదు. వంతెన గురించి నేను చెబుతూ వచ్చినది నిజం కాదు. రాయిని తిరిగి నిలబెట్టడానికి అనుమతి కోరుతున్నాను.

ఇంజినీరు అది రెండుసార్లు చదివి నా వైపు జరిపాడు. ఇది పైకి పంపితే రిటైర్మెంటు ముందు మీకు మెమో వస్తుంది సార్, అన్నాడు. రాయి ఎవరు వేశారో తెలియదని రెండు ముక్కలు రాసేయండి, నేను పగలకుండా ఒక పక్కన పెట్టిస్తాను.

మంచి మనసుతోనే అన్నాడు. కాసేపు నాకూ ఆ దారి బాగానే కనిపించింది. కాని పక్కన పెట్టిన రాయి మళ్లీ ఉత్త రాయే అవుతుంది. పదేళ్ల తరవాత ఇంకో ఇంజినీరు వస్తాడు, నాలాంటి ఇంకో శుభ్రమైన మనిషి వస్తాడు, దాన్ని మెట్టు చేస్తాడు. అది ఎవరి రాయో కాగితం మీద ఉంటేనే నిలబడుతుంది. ఉన్నది ఉన్నట్టు పంపమన్నాను.

మెమో వచ్చింది. ఇప్పటికీ నా సర్వీసు పుస్తకంలో ఉంది. తీసేయమని నేను ఎవరినీ అడగలేదు.

గులాబీల మడి

పని మొదలుపెట్టాల్సిన రోజు పొద్దున్నే పాడేరు నుంచి మా పై అధికారి మేడమ్ నా కాగితం మీద విచారణకు వచ్చారు. నేను చూసిన అధికారుల్లో ఆవిడ వేరు. ఆఫీసు గదిలోకి వెళ్లకుండా తిన్నగా మెట్టు దగ్గరకు వచ్చి, దాని మీదున్న చెప్పులన్నీ చేత్తో పక్కకు తీసి, ఆ రాయి పక్కనే నేల మీద కూర్చున్నారు. బుద్రిని తన పక్కన కూర్చోమన్నారు. నన్ను ఏమీ అడగలేదు. బుద్రి చెప్పింది మొత్తం విని, రాయి ముందు ఎక్కడ ఉండేదో చూపించమన్నారు.

బుద్రి లేచి నడిచి వెళ్లి నా గులాబీల మడి మధ్యలో నిలబడింది.

ఆ మొక్కలు నేను ఇరవై తొమ్మిదేళ్లు పెంచినవి. మేడమ్ నా వైపు చూశారు. తవ్వించమని నేనే సుక్రాకు చెప్పాను. వాడు గబగబా పార వేయలేదు. మొక్కలను ఒక్కొక్కటే మట్టి ముద్దతో లేపి కంచె పక్కన నాటాడు. సగం బతికాయి.

ఊరి నుంచి నలభై మంది దాకా వచ్చారు. అడవిలోని అడ్డతీగలతో తాళ్లు పేనుకుని తెచ్చారు. డప్పులు తెచ్చారు. ఇంజినీరు చిన్న క్రేను తెప్పిస్తానన్నాడు, బుద్రి వద్దంది. చేతులతో ఎత్తాలి, అది పద్ధతి. బుద్రి నిలబడలేకపోతోందని నేను మూడో గది నుంచి సింహం తలల కుర్చీ బయటికి తెప్పించాను. ఆమె దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఇందులో కూకుంటే కాల్లు ఏలాడతాయి బాబూ," అని కిందే కూర్చుంది. అందరూ నవ్వారు. ఆ కుర్చీ చుట్టూ ఇన్నేళ్లలో ఎవరైనా నవ్వడం నేను చూడలేదు.

గొయ్యి సిద్ధమైంది. తాళ్లు బిగించారు. ఎవరూ లాగడం లేదు. ఏమిటి ఆలస్యమని అడిగాను. సుక్రా నా వైపు చూసి తల దించుకున్నాడు. ఈసారి వదలకుండా వాణ్నే అడిగాను. చెప్పమన్నాను.

"పడేసినోడే రాయి మొదలు పట్టాలట బాబూ," అన్నాడు. "గోతికాడ కూకుని, రాయి లేచేదాకా వొదలకండా పట్టాల. అదీ మావోలు అనేది. మీకు సెప్పడానికి బయపడుతున్నారు."

అక్కడ మేడమ్ ఉన్నారు. ఇంజినీరు ఉన్నాడు. రైలు దిగి వచ్చిన సందర్శకులు పాతికమంది ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. నేను చెప్పులు విడిచి, ఇస్త్రీ ప్యాంటుతో ఆ తడి మట్టిలో కూర్చున్నాను. రెండు చేతులతో రాయి మొదలు పట్టుకున్నాను. డప్పు మోగింది. వాళ్లు లాగారు. రాయి ఒక్కసారి నా మీదికి వాలినట్టై ఆగి, మెల్లగా లేచింది. దాని బరువు నా అరచేతుల్లోంచి గోతిలోకి దిగడం తెలిసింది. మట్టి వేసి తొక్కేదాకా వదలొద్దన్నారు. వదల్లేదు. బుద్రి వచ్చి రాయి మీద అంబలి పోస్తే సగం నా చేతుల మీద పడింది.

చెప్పుల బల్ల నేనే పీకేశాను. మరమ్మతులయ్యాక గేటు దగ్గర వేరే అరుగు కట్టారు. చెప్పులు అక్కడ విడుస్తారు.

మీకు చెప్పేది

ఆ చివరి నాలుగు నెలలు కథ మార్చి చెప్పాను. ఈయన పదవి లేనప్పుడు వచ్చారు, వానలో చిక్కుకున్నారు, గొంగళి కప్పుకున్నారు, ఏ మాటా ఇవ్వలేదు, అని చెప్పేవాణ్ని. చప్పట్లు తగ్గాయి. కాని చాలామంది ఆకలి సంగతి మరిచిపోయి ఆ రాయి దగ్గర ఇంకాసేపు నిలబడ్డారు. ఒకాయన, మరి ఇంతకీ ఈయన ఇక్కడ చేసిందేమిటండీ అని అడిగాడు. రెండు రోజులు కూర్చున్నారు అన్నాను.

ఈ జవాబు మీరు బట్టీ పట్టకండి. పైన ఊరికి వెళ్లండి, బుద్రమ్మ ఇంకా ఉంది, ఆమెనే అడగండి. ఆమె నాకు చెప్పనిది మీకు చెప్పవచ్చు. హుకుంపేట అమ్మాయికి వాళ్ల భాష కొంత వచ్చునట. ఆ మాట విన్నప్పుడు నా ఉద్యోగం సరైన చేతుల్లో పడిందనిపించింది.

నేను రిటైరైన రోజు ఆఫీసువాళ్లు శాలువా కప్పారు. అది ముగిశాక నేనూ సుక్రా పైన ఊరికి నడిచి వెళ్లాం. సాయంత్రపు ఎండలో ఆ నిలువు రాళ్ల వరస చూస్తూ నిలబడ్డాను. బుద్రమ్మ నా పక్కకు వచ్చింది.

"మీ తాత రాయి ఎక్కడున్నాది బాబూ?"

లేదని చెప్పాను. కోట వెనక సమాధి ఉండేది. స్థలం చేతులు మారింది. ఇప్పుడక్కడ కల్యాణమండపం జనరేటరు ఉంది. ఈ మాట అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా.

ఆమె పక్కనున్న నిలువు రాయి మీద చెయ్యి వేసింది. తరవాత, కొండ మీద రాళ్లకేటి కరువు, అంది.

"మా తాతగారికీ ఎత్తుతారా?" అన్నాను.

"ఊరోలు ఒప్పాల. మీ తాత మా అయ్య సేత డోలీ మోయించినాడు," అంది. నా మొహంలోకి చూసింది. "మాట ఇయ్యను బాబూ. వచ్చి కూకో. సూద్దుం."

అప్పటి నుంచి సంతరోజు సంతరోజు వెళ్తున్నాను. వాళ్లు లేచి నిలబడకుండా ఉండడానికి చాలా వారాలు పట్టింది. దూరంగా నేల మీద కూర్చుంటాను. మొదట్లో మోకాళ్లు సహకరించేవి కావు, ఇప్పుడు అలవాటైంది. డోలీ మోసినవాళ్ల కథలు చెబుతారు, వింటాను. కొన్ని వినడానికి కష్టంగా ఉంటాయి. రాయి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పోయిన వారం బుద్రమ్మ అడ్డాకు డొప్పలో అంబలి పోసి నా చేతికిచ్చింది. నేను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోబోతుంటే ఆపి, వరస చివరి పలకరాయి వేలుతో చూపించింది.